వాడని స్విమ్మింగ్ పూల్, ఇంట్లో ఇద్దరే పెద్దవాళ్లు: ముందు ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: శంకర్‌పల్లి వైపు విల్లాలో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్నారు. నాన్నగారికి 78, అమ్మగారికి 72. మీరు డాలస్‌లో ఉన్నారు. మనవలు వచ్చినప్పుడు ఈదుతారని కట్టించిన పూల్‌లో నాలుగేళ్లుగా ఎవరూ దిగలేదు. పొడవు 26 అడుగులు, వెడల్పు 13, లోతు ఒకవైపు మూడు, ఇంకోవైపు అయిదు. పైన నీలం బబుల్ షీట్ పరిపించి, అంచు వెంట పూలకుండీలు పెట్టించారు. ఇది సరిపోతుందా, లేక నీళ్లన్నీ తీయించేయాలా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తానండి. షీటు సరిపోదు, నీళ్లు తీయించడమూ వద్దు. ఈ వారంలోనే పూల్ చుట్టూ నాలుగు అడుగుల గట్టి కంచె వేయించి, తాళం పడే గేటు పెట్టించండి. కుండీలు అక్కడినుంచి తీయించండి. తర్వాత రెండు మూడు నెలలు తీసుకుని పూల్‌ను శాశ్వతంగా మూయించండి. మట్టితో పూడ్పించవచ్చు, పైన స్లాబ్ వేయించవచ్చు. ఎప్పుడో ఎవరో ఈదుతారని అలాగే ఉంచడం మాత్రం మీ ఇంటి పరిస్థితికి సరిపడే పని కాదు.

హైదరాబాద్ చుట్టుపక్కల పూల్స్ కట్టడం, బాగుచేయడం నా వృత్తి. ఈ మధ్య కట్టే పనులతో పాటు మూసే పనులు కూడా బాగా వస్తున్నాయి. దాదాపు అన్ని ఇళ్లలోనూ కథ ఒకటే. పిల్లలు అమెరికాలో, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక వాచ్‌మన్, పగలు వచ్చి వెళ్లే వంటమనిషి. "మా నాన్న అటు వైపే వెళ్లడండి" అని అందరూ అంటారు. వెళ్తారు. పూల్ కోసం వెళ్లరు, పూల్ పక్కన ఉన్న వేరే పని కోసం వెళ్తారు.

మీ కుండీల సంగతే చూడండి. అడ్డంగా ఉంటాయని పెట్టించారు. కానీ పొద్దున్నే వాటికి నీళ్లు పోసేది ఎవరు? అమ్మగారే అయి ఉంటారు. అంటే ఆవిడను రోజూ పూల్ అంచుదాకా నడిపిస్తున్నది ఆ కుండీలే. ఈసారి వీడియో కాల్‌లో ఒక కుండీని పక్కకు జరిపించి, దాని కింద బండ చూపించమనండి. కుండీ అడుగునుంచి కారిన నీటికి గుండ్రంగా పచ్చటి పాచి పట్టి ఉంటుంది. పూల్ అంచున వేసే కోపింగ్ బండకు నీళ్లు పోవడానికి కొద్దిగా వాలు ఇస్తాం. ఆ వాలు మీద తడి పాచి, చేతిలో నీళ్ల మగ్గు, కాళ్లకు రబ్బరు చెప్పులు. వంగి లేచేటప్పుడు కళ్లు తిరగడం ఆ వయసులో మామూలే, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు మరీను. పడటానికి ఇంకేం కావాలి?

తులసికోట కూడా ఆ వైపే ఉంటే అదీ మార్పించండి. చాలా విల్లాల్లో ఈశాన్యం మూల అని పూల్‌నూ, తులసికోటనూ పక్కపక్కనే కట్టేశారు. తెల్లవారకముందే, కింద తడిగా ఉండగా, కోట చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటే ఒకవైపు రెండడుగుల దూరంలో పూల్ అంచు ఉంటుంది. బట్టలు ఆరేసే తీగ, మోటారు స్విచ్చు, తోట పైపు కుళాయి, ఇలాంటివి ఏమున్నా అన్నీ కంచె బయటికి రావాలి. నేను ఎవరింటికి వెళ్లినా ముందు పూల్ చూడను. పెద్దవాళ్లు రోజూ ఏ దారిన నడుస్తారో, ఎందుకు నడుస్తారో అడిగి, వాళ్లతో పాటు ఆ దారిలో ఒకసారి నడుస్తాను.

బబుల్ షీట్ గురించి. అది నీటి వేడి పోకుండా, ఆకులు పడకుండా వేసే పలచటి ప్లాస్టిక్. మనిషి బరువు ఆపడానికి చేసింది కాదు. నిజానికి ఏ కప్పూ లేని నీటికన్నా అది ప్రమాదం. దాని మీద వాన నీరు నిలిచి, దుమ్ము పేరుకుని, దూరం నుంచి చూస్తే పరుచుకున్న నేలలా కనిపిస్తుంది. కంటిశుక్లం ఉన్నవాళ్లకు, కింద భాగంలో దగ్గరి చూపు ఉండే కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు నేల ఎక్కడ ఆగింది, షీటు ఎక్కడ మొదలైంది తెలియదు. కాలు పెడితే షీటు లోపలికి కుంగి మనిషి చుట్టూ చుట్టుకుంటుంది. పైన మళ్లీ పరుచుకుంటుంది. పక్కనే ఉన్నవాళ్లకు కూడా మనిషి ఎక్కడున్నదీ కనపడదు. పొలాలకు వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టినా ఇదే గతి.

మనిషి బరువు మోసే సేఫ్టీ కవర్లు వేరే ఉన్నాయి. చుట్టూ బండలోకి యాంకర్లు దింపి బిగుతుగా లాగి కడతారు. మీరు ఉండే అమెరికాలో వాటికి ఏఎస్‌టీఎం ఎఫ్1346 అనే ప్రమాణం ఉంది. ఎనిమిది అడుగులకన్నా వెడల్పైన పూల్ అయితే 485 పౌండ్లు, అంటే సుమారు 220 కిలోలు మోయాలి. ఇక్కడ ఎవరైనా "సేఫ్టీ కవర్" అని అమ్మితే ఆ పరీక్ష పత్రం రాతపూర్వకంగా అడగండి. చూపించలేకపోతే అది ఆకుల కవరే అనుకోండి. మంచి కవర్ దొరికినా కంచెకు తోడుగా ఉండాలి, కంచె బదులు కాదు. ఎవరో ఒకరు శుభ్రం చేయడానికి తీస్తారు, సగం వేసి వెళ్లిపోతారు.

ఇక నీళ్లు ఎందుకు తీయకూడదు. రెండు కారణాలు. ఒకటి, ఖాళీ పూల్ అంటే అయిదు అడుగుల కాంక్రీటు గొయ్యి. 78 ఏళ్ల మనిషి అందులో పడితే తలకో, తుంటికో దెబ్బ తప్పదు. పైగా పూల్ మెట్లు చాలావరకు తక్కువ లోతు వైపే ఉంటాయి. లోతు వైపు పడినవాళ్లు వాలు మీద పాకుకుంటూ అక్కడిదాకా రాలేరు, కేకేసినా గోడల మధ్యే ఉండిపోతుంది.

రెండోది చాలామందికి తెలియదు. వానాకాలంలో నేలలో నీటిమట్టం పెరిగి ఖాళీ పూల్‌ను కింద నుంచి పైకి నెడుతుంది. మీ పూల్ అడుగు వైశాల్యం సుమారు 31 చదరపు మీటర్లు. చుట్టూ నేలలో నీరు పూల్ అడుగుకన్నా ఒక మీటరు పైకి వచ్చిందంటే, దాని మీద పైకి పడే ఒత్తిడి 31 టన్నులు. లోపల నీళ్లుంటే ఆ బరువు దాన్ని అణచిపెడుతుంది. ఖాళీగా ఉంటే కాంక్రీటు తన సొంత బరువుతోనే ఆగాలి, చాలాసార్లు ఆగలేదు. విజయవాడ దగ్గర పోరంకిలో ఒక ఇంట్లో ఆగస్టులో శుభ్రం చేద్దామని ఖాళీ చేసి వదిలేశారు. నన్ను పిలిచేసరికి లోతు వైపు నాలుగు అంగుళాలు పైకి లేచి, కోపింగ్ అంతా విడిపోయి, పైపులు తెగిపోయి ఉన్నాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇది అందరూ ఊహించగలిగేదే. హైదరాబాద్‌లో బోర్లు వెయ్యి అడుగులు పోతున్నాయి కదా, ఇక్కడ భయమేమిటి అంటారు. ఇక్కడ బండ తొలిచి గొయ్యి తీస్తాం. ఆ బండకూ పూల్ గోడకూ మధ్య వాన నీరు దిగి, పోయే దారి లేక అక్కడే నిలుస్తుంది. బోరు ఎండిపోయిన ఇంట్లోనే పూల్ అడుగు పగిలింది చూశాను. కొన్ని పూల్స్‌లో మెయిన్ డ్రెయిన్ (అడుగున నీళ్లు బయటికి పోయే రంధ్రం) దగ్గర ఈ ఒత్తిడి వదిలే వాల్వు ఉంటుంది. మీ దాంట్లో ఉందో లేదో కట్టినవాళ్లు చెప్పాలి. ఉన్నా నాలుగేళ్లుగా కదలని వాల్వును నమ్ముకోవద్దు.

సగం నీళ్లతో పచ్చగా మారిన పూల్ అన్నిటికన్నా చెడ్డది. లోపల మనిషి పడి ఉన్నా కనపడదు. నీటి మట్టం కిందికి ఉంటే పడినవాళ్ల చేతికి అంచు అందదు. ఇక దోమలు సరేసరి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఇళ్లలో నిలిచిన నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. షీటు మీద మడతల్లో నిలిచిన వాన నీరు దానికి సరిగ్గా సరిపోతుంది. ఆ వయసులో డెంగీ వస్తే ఎంత టెన్షనో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి పూల్ మూయించేదాకా నీరు అంచుదాకా నిండుగా, తేటగా ఉండాలి. మోటారు పనిచేస్తుంటే రోజూ కొన్ని గంటలు తిప్పి, మనిషిని పెట్టి క్లోరిన్ వేయించండి. పరీక్ష చాలా సులువు: గట్టు మీద నిలబడి చూస్తే లోతు వైపు అడుగునున్న మెయిన్ డ్రెయిన్ మూత స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే ఆ నీరు బాగా లేనట్టే. వాచ్‌మన్‌ను వారానికోసారి కంచె బయటినుంచి ఆ ఫొటో తీసి పంపమనండి. మోటారు పాడైపోయి, బాగుచేయించడం దండగ అనిపిస్తే, ఆ రెండు మూడు నెలలకు దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలవచ్చు. అప్పుడు క్లోరిన్ వేయకూడదు, చచ్చిపోతాయి. ఆ చేపల్ని తర్వాత చెరువులో మాత్రం వదలనివ్వకండి. అవి అక్కడి చిన్న చేపల్ని బతకనివ్వవు.

కంచె ఎలా ఉండాలి. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే తప్పులు ఇక్కడే జరుగుతాయి.

ఎత్తు నాలుగు అడుగులు తగ్గొద్దు. పూల్ అంచుకు నాలుగడుగుల దూరంలో వేస్తే మీ పూల్‌కు చుట్టుకొలత 110 అడుగులు వస్తుంది. ఫ్యాబ్రికేటర్లు రన్నింగ్ ఫుట్ లెక్కన రేటు చెప్తారు, ఈ అంకె చేతిలో ఉంచుకుని మాట్లాడండి. నిలువు కడ్డీలే ఉండాలి, మధ్య సందు నాలుగు అంగుళాలు దాటకూడదు. అడ్డ కడ్డీలు ఉంటే మనవలు నిచ్చెనలా ఎక్కేస్తారు. స్తంభాలను టైల్స్ మీద స్క్రూలతో బిగించి వెళ్లిపోతారు, ఒప్పుకోవద్దు. పెద్దవాళ్లు నడుస్తూ తూలితే పట్టుకునేది ఆ కంచెనే. మొత్తం బరువు దాని మీద వేస్తారు. బండ కోసి, కనీసం అడుగున్నర లోతు గుంత తీసి, కాంక్రీటులో నిలబెట్టాలి. పూల్ పైపులు ఎక్కడున్నాయో ముందు చూసుకోవాలి.

కంచెకు గుడ్డ కట్టడం, ప్లాస్టిక్ తీగలు అల్లించడం వద్దు. వంటింట్లోంచి, హాల్లోంచి చూస్తే పూల్ కనపడుతూ ఉండాలి.

గేటు పూల్ వైపు కాకుండా బయటి వైపు తెరుచుకోవాలి. అప్పుడు ఎవరైనా గేటుకు ఆనుకున్నా అది మూసుకుంటుందే తప్ప లోపలికి తోయదు. స్ప్రింగ్ బందులు పెట్టిస్తే వదిలేయగానే తనంతట తానే మూసుకుంటుంది. దానికి తోడు తాళం. తాళంచెవి వాచ్‌మన్ జేబులో కాదు, ఇంట్లో ఒక నిర్ణీత చోట, అందరికీ తెలిసేలా ఉండాలి. రేపు ఏదైనా జరిగితే తాళంచెవి కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

ఇంటి గోడనే నాలుగో వైపు కంచెగా లెక్కేయడం ఇంకో పెద్ద తప్పు. హాల్లోంచి నేరుగా పూల్ గట్టు మీదికి తెరుచుకునే స్లైడింగ్ అద్దాల తలుపు మన విల్లాల్లో మామూలే. కంచె మూడు వైపులా వేసి ఆ తలుపు వదిలేస్తే, పెద్దవాళ్లు ఎక్కువగా వాడే దారినే తెరిచి ఉంచినట్టు. ఇంటికీ పూల్‌కూ మధ్య కూడా కంచె రావాలి. స్థలం లేకపోతే ఆ తలుపుకు పైన బోల్టు, తెరవగానే మోగే అలారం పెట్టించండి. కానీ అది రెండో స్థాయి రక్షణే.

కొంపల్లిలో ఒక కుటుంబం పిలిచినప్పుడు పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది. అక్కడ అమ్మగారికి మతిమరుపు జబ్బు. పగలంతా బాగానే ఉండేవారు, పొద్దు గూకే వేళకు మాత్రం "ఇంటికి వెళ్లాలి" అంటూ తలుపు ఏదుంటే అది తీసి బయటికి నడిచేవారు. అలాంటి వాళ్లకు మామూలు గడియ చాలదు. గేటు, కంచె ఒకే రంగులో ఒకే డిజైన్‌లో చేయించాం, గేటు ఇదీ అని తేలిగ్గా తెలియకుండా. గడియ అవతలి వైపు కిందికి పెట్టించాం. ఇంటి వెనక తలుపుకు గంట కట్టాం. వాటన్నిటికన్నా మేలు చేసింది ఇంకోటి: సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ముందు వరండాలో ఆవిడతో కూర్చోవడానికి ఒక మనిషిని పెట్టారు. మీ ఇంట్లో అలాంటి ఇబ్బంది ఇప్పుడు లేకపోయినా, నాన్నగారి వయసుకు ముందుచూపుతో ఆలోచించండి.

సీసీ కెమెరాలు ఉన్నాయి కదా అంటారు. డాలస్‌లో మీ ఫోన్‌కు ఆ దృశ్యం వచ్చేసరికి మీరు నిద్రలోనో, పనిలోనో ఉంటారు. మునిగిపోవడం సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపుతూ, కేకలేస్తూ జరగదు. నిమిషాల్లో, చప్పుడు లేకుండా అయిపోతుంది. కెమెరా పెట్టుకోండి, దాని మీద ఆధారపడకండి.

పూల్ కన్నా దాని చుట్టూ ఉన్నవాటిని మర్చిపోతారు. మీది నీరు అంచు మీంచి పొర్లి గ్రేటింగ్‌లోకి పోయే రకమైతే, పక్కన నేల కింద ఒక బ్యాలెన్సింగ్ ట్యాంక్ ఉంటుంది. దాని మూత గట్టు మీదే, చాలాసార్లు గడ్డిలోనో, టైల్స్ మధ్యనో ఉంటుంది. ఫైబర్ మూత అయితే ఎండకు పెళుసెక్కి, పైకి బాగానే కనిపిస్తూ కాలు పెట్టగానే విరుగుతుంది. మొయినాబాద్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో తోటమాలి తొడదాకా అలా దిగబడ్డాడు. కుర్రాడు కాబట్టి గీరుకుపోయి బయటపడ్డాడు. ఈ ట్యాంకు మూత, పంప్ రూమ్ మూత రెండిటినీ బరువైన ఇనుప మూతలతో మార్పించి తాళం వేయించండి. ప్లాస్టిక్ గ్రేటింగ్ ముక్కలు కూడా చేత్తో ఒక్కొక్కటీ నొక్కి చూడమనండి, విరిగినచోట మడమ ఇరుక్కుంటుంది.

పంప్ రూమ్‌లో పాత మందులు ఉండే ఉంటాయి. బ్లీచింగ్ లాంటి హైపో పొడి, టీసీసీఏ అనే ఇంకో రకం క్లోరిన్ బిళ్లలు, యాసిడ్ డబ్బా. వాటిని నాన్నగారు శుభ్రం చేయకూడదు. హైపో మీద యాసిడ్ పడితే విషపు క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఆ ఇరుకు గదిలో రెండు గుక్కలు పీల్చినా ప్రాణం మీదికి వస్తుంది. హైపో, టీసీసీఏ తడిలో కలిస్తే మంటలు లేస్తాయి. ఏ డబ్బా దానికది మూత పెట్టి, పొడిగా, విడివిడిగా పూల్ మెయింటెనెన్స్ వాళ్లకు అప్పగించాలి. ఒకే బకెట్లో పోసి డ్రైనేజీలో పారబోయడం అసలు వద్దు.

కరెంటు గురించి ఒక్క మాట. నీటిలోపలి లైట్లు 12 వోల్టులవే ఉండాలి. పాత ఇళ్లలో 230 వోల్టుల దీపాలు పెట్టినవి కూడా చూశాను. మీవి ఏవో తెలియకపోతే స్విచ్ ఆపడంతో ఊరుకోకుండా, ఎలక్ట్రీషియన్‌తో ఆ లైన్‌ను మెయిన్ బోర్డు దగ్గరే విప్పించేయండి. మోటారు నడుస్తున్నంత కాలం దాని లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, ఉండాలి. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కితే ట్రిప్ అవ్వాలి. ఇంటి నుంచి గేటుదాకా నడిచే దారిలో మాత్రం మనిషి కదలగానే వెలిగే దీపాలు పెట్టించి, వాటిని ఇన్వర్టర్ మీద వేయించండి. కరెంటు పోయినప్పుడే కదా ఏం జరిగిందా అని పెద్దవాళ్లు బయటికి వచ్చేది.

ఇప్పుడు శాశ్వతంగా మూయడం. నన్నడిగితే మీ ఇంటికి పూడ్చడమే మేలు. స్లాబ్ వేస్తే కింద ఖాళీ ఉంటుంది. ఖాళీ ఉంటే దాని ఇనుము తుప్పు పట్టకుండా, అందులో నీరు చేరకుండా ఏటా ఎవరో ఒకరు చూడాలి. దూరదేశంలో ఉండి ఆ పని చేయించడం మీకు కష్టం.

పూడ్చే పనిలో మొదటి మోసం ఉచిత మట్టి. "సార్, పాత బిల్డింగ్ కూల్చిన సామాను ఉంది, ఫ్రీగా వేసేస్తాం" అంటారు. ఇటుకలు, ప్లాస్టర్ పెళ్లలు, ప్లాస్టిక్ పైపులు కలిసిన ఆ చెత్త మధ్య సందులుంటాయి. రెండు వానాకాలాలకు నేల అక్కడక్కడా కుంగుతుంది. పెద్దవాళ్లు నడిచే చోట రెండంగుళాల పల్లం కూడా పడిపోవడానికి చాలు. మొరమే వేయించండి. మీ పూల్ సుమారు 1,350 ఘనపుటడుగులు. దిమ్మిస కొడితే దిగుతుంది కాబట్టి కంకర, మొరం, పైన వేసే మట్టి అన్నీ కలిపి 1,700 దాకా తోలాల్సి వస్తుంది.

రెండోది, అడుగు పగలగొట్టకుండా మట్టి నింపడం. అలా చేస్తే వాన నీరు దిగే దారి లేక లోపల బురద గుంట తయారవుతుంది. లోతు వైపు కనీసం రెండుచోట్ల అడుగున్నర వెడల్పున కాంక్రీటు పూర్తిగా పగలాలి, మిగతా అడుగంతా అక్కడక్కడా కోర్ కటింగ్‌తో (కాంక్రీటును గుండ్రంగా తొలిచే యంత్రంతో) రంధ్రాలు పడాలి. గోడలు పైనుంచి రెండడుగులు కొట్టేయాలి. అప్పుడే పైన మొక్కలు బతుకుతాయి, గోడ అంచు వెంట నేల గట్టులా తేలి పగుళ్లు రావు. అడుగున ఒక అడుగు 40 మి.మీ. కంకర, దాని మీద నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన మొరం తొమ్మిదేసి అంగుళాల పొరలుగా. ప్రతి పొరకూ నీళ్లు కొట్టి, మట్టిని అదిమే ప్లేట్ కంపాక్టర్ యంత్రం తిప్పాలి. టిప్పర్లు దింపేసి పైన జేసీబీతో ఒకసారి తొక్కిస్తే సరిపోతుందంటారు, సరిపోదు. చివరి రెండడుగులు ఎర్రమట్టి, పశువుల ఎరువు. పైన వెంటనే టైల్స్ వేయించవద్దు. ఒక వానాకాలం గడవనిచ్చి, కుంగినచోట మళ్లీ నింపి, ఆ తర్వాతే నడిచే దారికి గరుకు బండలు పరిపించండి. తాండూరు బండ పాలిష్ చేయనిది బాగుంటుంది. మామిడి, కొబ్బరి లాంటి పెద్ద చెట్లు అక్కడ పెట్టొద్దు, ఆకుకూరలు, మల్లె, కనకాంబరం హాయిగా వస్తాయి. నడుము ఎత్తులో మడులు కట్టిస్తే అమ్మగారు వంగే పని లేకుండా మొక్కలు చూసుకుంటారు. నీటి వసతి పక్కనే, జారని నేల మీద.

నీటి కొరత మీకు పెద్ద సమస్య అయితే మాత్రం స్లాబ్ వేసి, కింది పూల్‌ను వాన నీటి ట్యాంకుగా వాడుకోవడం ఆలోచించండి. మీ పూల్‌లో 38 వేల లీటర్లు పడతాయి. హైదరాబాద్‌లో ఏటా సుమారు 800 మి.మీ. వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పడిన దాంట్లో ఎనభై శాతం పట్టుకున్నా దాదాపు 60 వేల లీటర్లు. తోటకు, కడుగుళ్లకు వాడుకోవచ్చు, తాగడానికి కాదు. అయితే స్లాబ్‌ను స్ట్రక్చరల్ ఇంజనీర్ డిజైన్ చేయాలి. పూల్ గోడలు పక్కనుంచి వచ్చే మట్టి, నీటి ఒత్తిడికి కట్టినవి, పైనుంచి బరువు మోయడానికి కాదు. పదమూడు అడుగుల వెడల్పు మీద ఇనుప చట్రం కట్టి చెక్క డెక్ వేస్తామనేవాళ్లు వస్తారు. చూడ్డానికి అందంగా ఉంటుంది, కింద ఆవిరికి చట్రం ఏ జాయింట్ దగ్గర తిన్నదో పైకి కనపడదు. మ్యాన్‌హోల్‌కు తాళం, గాలి గొట్టాలకు దోమల జాలీ తప్పనిసరి. లోపలికి ఎవరూ ఒంటరిగా దిగకూడదు.

డాక్టరుగారు నాన్నగారిని నీటిలో నడవమన్నారనుకోండి, అప్పుడు మొత్తం మూయక్కర్లేదు. అడుగు పైకి లేపి అంతటా మూడడుగుల మూడంగుళాల లోతు చేసి, వెడల్పాటి మెట్లు, రెండు వైపులా స్టీల్ రెయిలింగ్ పెట్టి ఇచ్చాం కొందరికి. కానీ పూల్ మోటారు రోజూ నడవాలి, దిగిన ప్రతిసారీ ఈత వచ్చిన మనిషి పక్కన ఉండాలి. ఈ రెండూ కుదురుతాయని మీకు నమ్మకముంటేనే ఆ దారి.

కంచె లోపల నీరున్నన్ని రోజులు గేటు పక్కన తాడు కట్టిన లైఫ్ రింగ్ ఒకటి, పొడవాటి కర్ర ఒకటి తగిలించి ఉంచండి. ఒకరు పడితే రెండోవాళ్లు దూకకూడదని ఇద్దరికీ ముందే చెప్పండి. కంగారులో దూకి ఇద్దరూ ఇబ్బందుల్లో పడతారు. రింగు విసరాలి, కర్ర అందించాలి, అరవాలి, 108కి ఫోన్ చేయాలి. వాచ్‌మన్‌కూ, వంటమనిషికీ సీపీఆర్ నేర్పించండి. నీట మునిగినవాళ్లకు ఛాతీ నొక్కడంతో పాటు నోటితో ఊపిరి ఇవ్వడం ముఖ్యం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయకూడదు. బయటికి తీశాక బాగానే ఉన్నట్టు కనిపించినా, నీరు మింగి దగ్గుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

నాన్నగారు ఒప్పుకోరేమో అని రాశారు. "నేనింకా అంత ముసలివాణ్ణి కాలేదు" అనడం సహజం, ఆయన ముచ్చటపడి కట్టించుకున్నది కదా. మీరు పడిపోతారు నాన్నా అని మొదలుపెట్టకండి. పూడ్చాక అక్కడ ఏం రావాలో ఆయన్నే గీయమనండి, మేస్త్రీతో ఆయన్నే మాట్లాడనివ్వండి. బోయిన్‌పల్లిలో ఒక పెద్దాయన ఆరు నెలలు వద్దని, చివరికి అక్కడ పేపర్ చదువుకునే రాతి బల్ల, దానిమ్మ మొక్క ఎక్కడుండాలో తనే సుద్దతో నేల మీద గీసి ఇచ్చారు. పని జరిగినన్నాళ్లూ కుర్చీ వేసుకుని, మొరం పొర తొమ్మిది అంగుళాలు దాటితే ఆపించారు. అంత మంచి సూపర్‌వైజర్ నాకు దొరకలేదు.

పని మొదలయ్యే ముందు నాకు రెండు సంగతులు చెప్పండి: నీరు గ్రేటింగ్‌లోకి పొర్లే రకమా, గోడకు స్కిమ్మర్ (పైన తేలే ఆకుల్ని, నీటిని లాగే నోరు) ఉన్న రకమా, పూల్ గోడకూ ఇంటి పునాదికీ మధ్య దూరం ఎంత. ఆరడుగుల లోపు ఉంటే గోడలు కొట్టే పద్ధతి మారుతుంది. నీళ్లు తీయడం ఎండాకాలంలోనే, పూడ్చే మనుషులు, మొరం సిద్ధంగా ఉన్నాకే జరగాలి. తీసిన రోజునుంచి నింపేదాకా కంచె అలాగే ఉండాలి. అడుగు పగలగొట్టాక, పూడ్చకముందు, ప్రతి రంధ్రం కనపడేలా ఫొటోలు తీయించి ఇంటి కాగితాలతో దాచండి. రేపు ఇల్లు కొనేవాళ్లు అక్కడ ఏదైనా కట్టాలనుకుంటే ఇంజనీరు మొదట అడిగేది వాటినే.